చిప్పలదిబ్బ మీద మూడు వందల పన్నెండు ప్రమాదాలు

ఎనిమిదో తరగతి గట్టెక్కనిదాన్ని. ముమ్మిడివరం దాటి బయటికి వెళ్లిన రోజులు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. అలాంటి నన్ను ప్రభుత్వంవారు నిపుణురాలిని చేశారంటే మా పేటలో ఇప్పటికీ ఎవరూ నమ్మరు. అందుకే ఆ కాగితం దాచుకున్నాను. "శ్రీమతి గుత్తుల మంగతాయారు, గౌరవ ప్రమాద పూర్వాంచనా నిపుణురాలు" అని ఉంటుంది దాని మీద. కింద గుండ్రటి ముద్ర కూడా ఉంది.

ఆ పదవికి నాకున్న అర్హత ఒక్కటే, భయం. మా ఆయన సైకిలు మీద బజారుకెళ్లి పది నిమిషాలు ఆలస్యమైతే, పదకొండో రోజు భోజనాలకు ఎవరెవర్ని పిలవాలో నేను మనసులో అనుకుంటూ ఉండేదాన్ని. ఆయన నిక్షేపంగా కొత్తిమీర కట్ట పట్టుకుని వచ్చేవారు. ఇప్పటికీ నిక్షేపంగానే ఉన్నారు. అయినా నా పద్ధతి నేను మార్చుకోలేదు.

మా అమ్మాయి నీలవేణి జంతుశాస్త్రం చదివింది. చిప్పలదిబ్బ అనే దీవి మీద భారీ తాబేళ్ల పరిరక్షణ కేంద్రంలో దానికి కాంట్రాక్టు ఉద్యోగం వచ్చింది. పెట్టె సర్దిపెట్టి, గది చూసి, రెండ్రోజుల్లో వచ్చేద్దామని నేనూ వెంట వెళ్లాను. రేవు నుంచి ఆరు గంటలు పడవ ప్రయాణం. పడవ మునగడానికి ఎన్ని మార్గాలున్నాయో ఆ ఆరు గంటల్లో అన్నీ చూసుకున్నాను. దిగి ఒడ్డున నిలబడ్డాక, వెనక్కి వెళ్లాలన్నా ఇదే పడవ ఎక్కాలని గుర్తొచ్చింది. దాంతో ఉండిపోయాను, ఎనిమిది నెలలు. అంతకు వారం ముందే అక్కడి వంటమనిషి చెప్పాపెట్టకుండా వెళ్లిపోయాడు కాబట్టి నన్నెవరూ వెళ్లమనలేదు.

ఆ తాబేళ్లు మన చెరువు తాబేళ్లలాంటివి కావు. ఒక్కోటి మా వంటగదిలో పట్టదు. తెల్లదొరల కాలంలో ఏదో ఓడ కెప్టెను, దారిలో కూరకు పనికొస్తాయని ఎక్కడో సముద్రాల అవతల నుంచి వేసుకొచ్చాడట. తుపానుకు ఓడ ఇక్కడ నేలకెక్కితే కెప్టెను ఇంకో ఓడెక్కి పోయాడు, కూర మిగిలిపోయింది. మిగిలిన ఆ కూరే పెరిగి ఇప్పుడు నలభై ఒకటయింది. ఓడలో వచ్చినవాటిలో ఇంకా బతికున్నది ఒక్కటే. దాన్ని అందరూ కెప్టెనమ్మ అంటారు.

పదకొండేళ్లుగా ఆ దీవి మీద ఒక్క గుడ్డు పడలేదు. మిగతా ఆడవి ఎందుకో పెట్టడం మానేశాయి. ఈ ఏడు మాత్రం కెప్టెనమ్మ కడుపుతో ఉంది. నీలవేణి దాని వెనక కాలి పక్కన చెయ్యి దూర్చి తడిమి, "అమ్మా, గుడ్లే!" అని చిన్నపిల్లలా గెంతింది. ఆ రోజు నుంచి దానికి ఇంకో ధ్యాస లేదు. రోజూ పొద్దున్నే దీవికి పడమటి వైపున్న బోడిగట్టు ఎక్కి, ఇసుక ఎంత వెచ్చగా ఉందో కొలిచి రాసుకునేది. కెప్టెనమ్మ పూర్వం గుడ్లు పెట్టిన చోటు అదేనట. ఆ గట్టు వైపు మాత్రం నేను వెళ్లేదాన్ని కాదు. దాని సంగతి తర్వాత చెబుతాను.

కేంద్రానికి పెద్ద డైరెక్టరు పరాంకుశం గారు. మంచాయన. పదవీ విరమణకు రెండేళ్లుంది. ఏ కాగితమూ చదవకుండా సంతకం పెట్టరు, చదివాక భయపడి అసలే పెట్టరు. ఆయన కింద నీలవేణి. నీలవేణి కింద త్రిమూర్తులు. పడవ నడిపేదీ, తాబేళ్లకు మేత వేసేదీ, డైరెక్టరు గారికి ధైర్యం చెప్పేదీ త్రిమూర్తులే.

ఇలా ఉండగా రాజధాని నుంచి సర్క్యులరు వచ్చింది. ఎక్కడో ఇంకో కేంద్రంలో నూట డెబ్భై ఏళ్ల తాబేలు ఒకటి ముసలితనం వల్ల పోయింది. దాని మీద విచారణ సంఘం వేశారు. సంఘంవారు పదకొండు నెలలు కూర్చుని, ఈ మరణాన్ని ముందుగా ఊహించడంలో సిబ్బంది ఘోరంగా విఫలమయ్యారని తేల్చారు.

డైరెక్టరు గారు అందర్నీ కూర్చోబెట్టి చదివారు. "'ఇకమీదట ప్రతి కేంద్రమును తమ పరిధిలోని జంతువులకు సంభవించగల యావత్తు ప్రమాదములను ముందుగా ఊహించి, పట్టికలో నమోదు చేసి, నెలాఖరులోగా సమర్పించవలెను. వందకు తక్కువ ప్రమాదములు ఊహించిన కేంద్రమును నిర్లక్ష్యపు కేంద్రముగా పరిగణించి మూసివేయడమగును. సదరు జంతువులను నగరములోని జంతుప్రదర్శనశాలకు తరలించడమగును.' విన్నారుగా. వంద! చెప్పండి."

"నూటయాబయ్యేళ్లుగా ఆటికేం అవ్వలేదు కదండీ," అన్నాడు త్రిమూర్తులు.

"అదేనయ్యా మన దౌర్భాగ్యం," అన్నారు డైరెక్టరు గారు.

నీలవేణి మూడు చెప్పింది. తుపాను, జబ్బు, గుడ్లను ఎలుకలు తినడం. త్రిమూర్తులు చాలాసేపు పైకప్పు కేసి చూసి, "పిడుగండి," అన్నాడు. నాలుగయ్యాయి. ఆ తర్వాత అందరూ పైకప్పు కేసే చూశారు.

నేను టీ గ్లాసులు పెడుతూ కిటికీలోంచి చూశాను. ఊరుకోలేకపోయాను. "అవి ఆ కొబ్బరిచెట్ల కింద అలా నిశ్చింతగా పడుకుంటాయి కదండీ. నెత్తి మీద కాయ పడితే?"

డైరెక్టరు గారి కలం కదిలింది.

"కాయ సరే, మట్ట పడితే? కాయ దింపడానికి ఎక్కిన మనిషే వచ్చి దాని మీద పడితే?"

"ఆగండమ్మా." ఆయన నన్ను ఆపమనడం లేదు, రాసుకుంటున్నారు. "మనిషి పడుట... ఏడు. తర్వాత?"

నా జన్మలో నన్ను 'తర్వాత?' అని అడిగిన మొదటి మనిషి ఆయనే. పుట్టింట్లో గాని అత్తింట్లో గాని నాకు దొరికిన మాట 'ఇక ఆపవే' అన్నదొక్కటే. నా కళ్లల్లో నీళ్లు తిరిగాయి. కుర్చీ లాక్కుని కూర్చున్నాను.

మధ్యాహ్నం భోజనానికి నూట పన్నెండు అయ్యాయి. మూడో రోజుకు మూడు వందల పన్నెండు. గోడ మీద దీవి పటం ఒకటి ఉంటే, నేను చెప్పిన చోటల్లా త్రిమూర్తులు ఎర్ర సిరాతో చుక్క పెట్టాడు. పటానికి అమ్మవారు పోసినట్టయింది.

నీలవేణి పట్టిక తిరగేసి నవ్వు ఆపుకోలేకపోయింది. "అమ్మా, 'తాబేలుకు సాటి తాబేళ్ల దిష్టి తగులుట' అని కూడా రాయించావా?"

"ఎందుకు తగలదే? నలభై ఒక్కటి ఒకేచోట తింటున్నాయి."

"సరేలే తల్లీ. కేంద్రం మూతపడకుండా కాపాడావు, అంతే చాలు," అని నా మెడ చుట్టూ చేతులు వేసింది.

వారం తిరక్కుండా రాజధాని నుంచి ఫోను వచ్చింది. భద్రతా విభాగం సంయుక్త సంచాలకులు చక్రపాణి గారట. "పరాంకుశం గారూ, అభినందనలు! ప్రమాదాల్లో మీది ప్రథమ స్థానం. రెండో స్థానంవారు నూట నలభై దగ్గరే ఆగిపోయారు. మీ ముందుచూపు వెనక ఎవరున్నారు?"

డైరెక్టరు గారు నిజాయితీ మనిషి. వంటగది వైపు చూపించారు. అలా నాకు ఆ గుండ్రటి ముద్ర కాగితం వచ్చింది. దానితో పాటే రెండో సర్క్యులరూ వచ్చింది. నమోదైన ప్రతి ప్రమాదానికీ ఒక నివారణ చర్య తీసుకుని ఫోటో పంపవలెనట.

ఇక దీవి మీద పని మొదలైంది. కొబ్బరికాయలన్నీ దింపించాం. చెట్లకు వలలు కట్టాం. ఢీకొనే ప్రమాదం రాయించాను కాబట్టి, వంద అడుగులకొకటి చొప్పున "తాబేళ్లు నెమ్మదిగా వెళ్లవలెను" అని బోర్డులు పాతారు. అవి బోర్డుకు లోబడే నడిచాయి. ఆ అంశంలో మాకు నూటికి నూరు వచ్చాయి. బురదగుంటలో మునిగే ప్రమాదానికి రాజధాని నుంచి నలభై ఒక్క లైఫ్ జాకెట్లు పంపారు. పిల్లల సైజు. ఎక్కడా పట్టకపోతే మెడకు కట్టాం. బడికి బయల్దేరిన పిల్లల్లా ముచ్చటగా ఉన్నాయి.

మేతలో విషం కలిసే ప్రమాదానికి నివారణ డైరెక్టరు గారే. పొద్దున్నే త్రిమూర్తులు కోసుకొచ్చిన గడ్డిలోంచి గుప్పెడు తీసి ఆయన నమిలి మింగేవారు. అరగంట చూసి, తనకేమీ కాలేదని పుస్తకంలో సంతకం పెడితే అప్పుడు తాబేళ్లకు వేసేవారు. నెల తిరిగేసరికి ఆయనకు షుగరు తగ్గింది. దాన్ని 'ఇతర ప్రయోజనాలు' కింద రాశారు.

అందరికంటే కష్టం త్రిమూర్తులుదే. కెప్టెనమ్మ గర్భిణి కాబట్టి దాని ముందు ఎర్రజెండా పట్టుకుని, ఈల వేసుకుంటూ అతను నడవాలి. "ఏటండి మంగతాయారు గారూ," అనేవాడు, "నెల రోజులు దీని జోరున నడిసీసరికి నాకు మామూలు నడకే మర్సిపోయిందండి. మొన్న పిలిసేరని బయల్దేరితే డైరెక్టరు గారి గదికి సేరీసరికి ఆయన ఎల్లిపోయేరు."

ఈ ఫోటోలన్నీ చూసి చక్రపాణి గారు ముచ్చటపడి స్వయంగా తనిఖీకి వచ్చారు. నెత్తి మీద హెల్మెట్టు, కాళ్లకు ఇనుప ముక్కుల బూట్లు. తాబేళ్లు జారిపడకుండా మేము రేవు నుంచి పరిచిన రబ్బరు పట్టా మీద మొదటి అడుగు వేసి, రెండో అడుగుకు వెల్లకిలా పడ్డారు.

డైరెక్టరు గారు పట్టిక తెరిచి సంతోషంగా అన్నారు. "నలభై ఆరో ప్రమాదం సార్. జారి వెల్లకిలా పడుట. ముందే ఊహించాం."

చక్రపాణి గారు పడుకునే ఉండి, "శభాష్!" అన్నారు.

మర్నాడు సమావేశం. నడుముకు పట్టీ వేసుకుని ఆయన మాట్లాడారు. "మిత్రులారా, మీ కృషి శ్లాఘనీయం. కానీ మౌలికంగా ఆలోచించండి. ప్రమాదములు ఎక్కడ ఉన్నవి? ఆరుబయట ఉన్నవి. తాబేళ్లు ఎక్కడ ఉన్నవి? అవియును ఆరుబయటనే ఉన్నవి. ఈ రెంటినీ వేరు చేయడమే శాశ్వత పరిష్కారం. మీకు సెమినార్ హాలు ఉన్నది కదా. నలభై ఒక్కింటినీ యుద్ధప్రాతిపదికన అందులోకి తరలించండి."

నా మనసులో మాట ఇంత పెద్దాయన నోట వినేసరికి నాకు ప్రాణం లేచి వచ్చింది. తలుపు వేసేస్తే ఇక భయమేముంది? నీలవేణిని కూడా అలా పెంచనిచ్చి ఉంటే బాగుండేదనుకున్నాను.

అది మాత్రం లేచి నిలబడింది. "వాటికి మట్టి కావాలి సార్. ముఖ్యంగా కెప్టెనమ్మకు. గుడ్లు పెట్టే సమయం."

"మట్టిలో ఎన్ని ప్రమాదములున్నవో మీ మాతృమూర్తే రాశారమ్మా. నూట తొంభై నుంచి రెండు వందల పది వరకు చదవండి," అన్నారు చక్రపాణి గారు.

నీలవేణి నా కేసి చూసింది. నేను టీ గ్లాసుల కేసి చూశాను.

నాలుగు రోజులు పట్టింది తరలింపు. హాల్లో నున్నటి టైల్స్, నాలుగు ఫ్యాన్లు, ఒక ఏసీ, గోడకు 'పరిరక్షణే పరమావధి' అన్న పెద్ద బ్యానరు. చివరి తాబేలు లోపలికి వచ్చాక తలుపుకు తాళం వేశారు. చక్రపాణి గారు మమ్మల్ని 'ఆదర్శ కేంద్రం' అని ప్రకటించి వెళ్లిపోయారు. ఆ పూట నేను కడుపు నిండా అన్నం తిన్నాను.

వారానికి కెప్టెనమ్మ మేత మానేసింది. గోడ వెంట నడవడం మొదలుపెట్టింది. ఈ మూల నుంచి ఆ మూలకు, ఆ మూల నుంచి మళ్లీ ఈ మూలకు. నడిచి నడిచి ఆగేది. వెనక కాళ్లతో టైల్స్ మీద గీకేది. ఆ గీకుడుకు నా ఒళ్లు జలదరించేది. నేల మీద గీత కూడా పడేది కాదు. మళ్లీ నడిచేది.

నీలవేణి దాని పక్కన కూలబడి ఉంది. కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"ఏం చేస్తోందే అది?"

"చోటు వెతుక్కుంటోందమ్మా. గుంట తవ్వాలి దానికి. మట్టి లేకపోతే గుడ్లు పెట్టదు, లోపలే ఆపుకుంటుంది."

"ఆపుకుంటే?"

"లోపల కుళ్లి చచ్చిపోతుంది. ఇంకో పది రోజులు ఉంటుందేమో."

"ఆ ప్రమాదం నేను రాయలేదే!"

"నువ్వు రాసినవన్నీ కలిపితే వచ్చిందమ్మా అది," అని మొహం తిప్పుకుంది. పుట్టిన దగ్గర్నుంచి అది నా మీద విసుక్కుంది, అరిచింది, నవ్వింది. మొహం తిప్పుకోవడం అదే మొదటిసారి.

కెప్టెనమ్మ నా కాళ్ల ముందు నుంచి పోయింది. నీలవేణి కడుపులో ఉన్నప్పుడు ఎండ తగులుతుందనీ గాలి సోకుతుందనీ మా అత్తగారు నన్ను ఆఖరి నెలంతా గదిలోంచి కదలనివ్వలేదు. నొప్పులు మొదలైన రోజు నేనూ ఇలాగే ఈ గోడకూ ఆ గోడకూ తిరిగాను. నాకైతే నోరుంది కాబట్టి తలుపు బాదాను.

తిన్నగా డైరెక్టరు గారి దగ్గరికి వెళ్లాను. "తలుపు తీయించండి బాబూ."

ఆయన పాపం ముందే ఫైలు తీసి పెట్టుకున్నారు. "నాకూ అదే ఉందమ్మా. కానీ ఊహించిన ప్రమాదాన్ని పట్టిక నుంచి తీసెయ్యాలంటే ఉపసంహరణ పత్రం కావాలి. నిపుణురాలే సంతకం పెట్టాలి. మూడు వందల పన్నెండు పత్రాలు. పెట్టెయ్యండి, ఇప్పుడే తాళం తీయిస్తాను."

మొదటి పత్రం నా ముందు పెట్టారు. "'కొబ్బరికాయ పడుట అను ప్రమాదము ఇకమీదట ఎన్నటికీ సంభవించదని హామీ ఇస్తున్నాను.'" 

కలం పట్టుకున్నాను.

"కాయలన్నీ దింపేశాంగా. పెట్టండమ్మా."

"మళ్లీ కాస్తాయి కదండీ."

"పోనీ రెండోది. మట్ట పడుట."

"చెట్టున్నాక మట్ట పడదా అండీ?"

"పిడుగు?"

"అమ్మో!"

పన్నెండు దాకా చూశాం. ఒక్కదాని మీద సంతకం పెట్టలేకపోయాను. ప్రాణం పోతోందని తెలిసీ నా చెయ్యి కదల్లేదు. పట్టికలోవి ఒక్కటీ అబద్ధం కావు, అదే వచ్చిన చిక్కు. పిడుగు పడదని నేనెలా రాయను? మా ఆయన ఇప్పుడు సైకిలు మీద ఉంటే?

మర్నాడు పొద్దున్నే హాల్లోకి వెళ్లి కెప్టెనమ్మ పక్కన కూర్చున్నాను. ఏం చెయ్యాలో తోచక తల పైకెత్తాను. ఫ్యాను తిరుగుతోంది. కొంచెం ఊగుతూ తిరుగుతోంది.

అది ఊడిపడితే?

నా ఒంట్లోకి సత్తువ వచ్చింది. ఏసీ వైరు ఆ మూల నేలకు ఆనుకుని ఉంది, తాబేలు కొరికితే? కిటికీలకు పెద్ద పెద్ద అద్దాలు. బ్యానరును నాలుగు మేకులు పట్టుకున్నాయి, అందులో ఒకటి తుప్పు. తలుపు ఒక్కటే, తాళంచెవి డైరెక్టరు గారి జేబులో, ఆయనకు మతిమరుపు. మంటలు వస్తే? మంటలార్పే సిలిండరే పేలితే? కాఫీ వేళకు అరవై నాలుగు రాసి, తీసుకెళ్లి డైరెక్టరు గారి బల్ల మీద పెట్టాను.

ఆయన చదివారు. "అమ్మా, చక్రపాణి గారు వెళ్తూ ఇచ్చిన తరలింపు ఉత్తర్వులో ఏడో పేరా గుర్తుందా? 'ప్రమాదము నమోదైన ప్రదేశము నుండి జంతువులను గంటలోగా తరలించవలెను.'"

"గుర్తుందండి. అందుకే రాశాను."

ఆయన వెంటనే చక్రపాణి గారికి వీడియో ఫోను కలిపారు. నీలవేణి, త్రిమూర్తులు కూడా పరిగెత్తుకొచ్చారు.

"హాలులో అరవై నాలుగా?" చక్రపాణి గారి మొహం తెరంతా నిండిపోయింది. "తక్షణం ఖాళీ చేయించండి. బయటికి పంపండి."

"బయట మూడు వందల పన్నెండు ఉన్నాయి సార్."

"అయితే లోపలే ఉంచండి."

"గంటలోగా తరలించాలి సార్. ఇప్పటికే పది నిమిషాలు అయింది."

"పడవ ఎక్కించి నగరానికి పంపండి!"

"పడవలో నలభై రాసేరండి మంగతాయారు గారు," అన్నాడు త్రిమూర్తులు. "ఎగస్ట్రాగా నా మీద మూడు రాసేరు. నేను నిద్రపోవుట, నేను తప్పతాగుట, నేను దూకి పారిపోవుట."

"మరి ఎక్కడ పెడతారయ్యా?"

"తాడేసి గాల్లో ఏలాడదీద్దావా అండీ?"

చక్రపాణి గారు ఒక్క క్షణం దాని గురించి ఆలోచించారు, నేను చూశాను. "తాడు తెగగలదు," అన్నారు చివరికి. "పటం చూపించండి. ప్రమాదము నమోదు కాని చోటు ఒక్కటైనా ఉండవలెను కదా."

డైరెక్టరు గారు గోడ మీది పటం ముందు ఫోను పట్టుకున్నారు. ఎక్కడ చూసినా ఎర్రచుక్కలే. త్రిమూర్తులు దగ్గరికి వెళ్లి వేలితో వెతికాడు. వెతికి వెతికి ఎడమ అంచున ఆగాడు.

"పడమటేపు బోడిగట్టండి. ఇక్కడ సుక్క లేదు."

అందరూ నా కేసి తిరిగారు.

ఇందాక తర్వాత చెబుతానన్నది ఇదే. ఆ గట్టుకు ఒక పక్క నిట్టనిలువుగా సముద్రం. పైన అన్నీ ఒదులు రాళ్లు. పొదల్లో పాములున్నాయని త్రిమూర్తులే చెప్పాడు. మా పిల్ల రోజూ పొద్దున్నే ఒంటరిగా అది ఎక్కుతుంది. అది తిరిగొచ్చి "అమ్మా, ఆకలి" అనేదాకా నేను పొయ్యి దగ్గర గరిటె తిప్పుతూనే ఉంటాను, పొయ్యి మీద ఏమీ లేకపోయినా. అన్ని భయాలూ నోటితో చెప్పాను గాని, ఆ ఒక్కటీ చెప్పలేదు. చెబితే నిజమైపోతుందేమోనని. అటు వైపు చూడను కూడా చూడలేదు. అందుకే అక్కడ చుక్క లేదు.

"నిపుణురాలు గారూ," అన్నారు చక్రపాణి గారు, "ఆ ప్రదేశములో ప్రమాదములు లేవా?"

నోట్లో మాటలు కిక్కిరిసి ఉన్నాయి. నీలవేణి బల్ల కింద నా చెయ్యి పట్టుకుంది. దాని చెయ్యి చల్లగా ఉంది.

"నేనెప్పుడూ వెళ్లలేదండి," అన్నాను. అంతవరకు నిజమే.

ఆయన గొంతు సవరించుకున్నారు. "నమోదు కాని ప్రమాదము ప్రమాదముగా పరిగణింపబడదు. సదరు గట్టును 'సున్నా ప్రమాద మండలము'గా ఇందుమూలముగా ప్రకటించడమైనది. తరలించండి."

తలుపు తీశారు. మిగతావాటిని బండి మీద ఎక్కించారు గాని కెప్టెనమ్మ ఎవర్నీ ముట్టుకోనివ్వలేదు. గడప దిగి, ఒకసారి తల చాచి గాలి పీల్చి, పడమటి వైపు బయల్దేరింది. మెడలో లైఫ్ జాకెట్టు ఊగుతోంది. త్రిమూర్తులు అలవాటు కొద్దీ ఈల నోట్లో పెట్టుకున్నాడు, నీలవేణి లాగేసింది. మూడు బోర్డుల పక్క నుంచి కెప్టెనమ్మ ఎంత జోరుగా పోయిందంటే, అవి పాతాక వాటి అవసరం పడింది ఆ ఒక్కరోజే. మధ్యాహ్నానికి గట్టు ఎక్కడం మొదలుపెట్టింది. నేను గట్టు కిందే రాయి మీద కూర్చుండిపోయాను.

పొద్దు వాలుతుండగా నీలవేణి దిగొచ్చింది. మోచేతుల దాకా ఇసుక, జుట్టులో ఇసుక. "పద్నాలుగమ్మా! పద్నాలుగు గుడ్లు! కాళ్లతోనే తవ్వింది, కాళ్లతోనే కప్పింది. ఇప్పుడు గడ్డి తింటోంది!" అని నన్ను గట్టిగా పట్టుకుంది. నాకూ ఇసుక అంటింది.

కథ ఇక్కడితో అయిపోవాల్సింది. కానీ ప్రభుత్వంవారి కథ దానికదే అయిపోదు. నెల తిరిగేసరికి ఇంకో ఉత్తరం. ప్రతి మండలానికీ పట్టిక ఉండి తీరాలి కాబట్టి, నిపుణురాలు బోడిగట్టును స్వయంగా దర్శించి, గమనించిన ప్రమాదాలు నమోదు చేయవలెనట.

డైరెక్టరు గారు నన్ను కూర్చోబెట్టి మెల్లగా చెప్పారు. "అమ్మా, మీరు ఒక్కటి రాసినా గంటలో అన్నిటినీ దింపాలి. గుంటలో గుడ్లతో సహా. కదిపితే పిల్లలు కావని నీలవేణి చెబుతోంది. ఒక్కటీ రాయకపోతే, పాత పట్టికతో కేంద్రం మూతపడదు గాని, తాబేళ్లున్న చోట ప్రమాదాలే లేనప్పుడు నిపుణురాలు దేనికని మీ పదవి పోతుంది. మీరే ఆలోచించుకోండి."

మర్నాడు కాగితం, కలం కొంగులో చుట్టుకుని గట్టు ఎక్కాను. ఎనిమిది నెలల్లో మొదటిసారి. నాలుగు కాళ్ల మీద ఎక్కానన్నా తప్పులేదు. పైకి చేరి నడుము నిలబెట్టేసరికి, ఒక్కచోట నిలబడే పదిహేను ప్రమాదాలు కనిపించాయి. కింద సముద్రం రాళ్లను కొడుతోంది. పైన గద్ద తిరుగుతోంది. పొదలో ఏదో కదిలింది. నా వేళ్లు దురద పెట్టాయి.

నీలవేణి గట్టు చివర వంగి ఏదో కొలుస్తోంది. ఒక కాలు రాయి మీద ఉంది. రాయి ఊగుతోంది.

నోరు తెరిచాను. కేక వేస్తే ఉలిక్కిపడుతుంది. మూశాను.

అదే నన్ను చూసింది. "అమ్మా! నువ్వా! అక్కడ రాళ్లు కదుల్తాయే, చూసి అడుగెయ్యి! జాగ్రత్త!"

ఇరవై నాలుగేళ్లుగా నేను దానికి చెబుతున్న మాట అది. ఇంత హాయిగా ఉంటుందని నాకు తెలియదు.

కెప్టెనమ్మ పక్కనే గడ్డి తింటోంది. ఆనించి రాయడానికి ఇంకేమీ లేక, కాగితం దాని వీపు మీద పరిచాను. 'గమనించిన ప్రమాదములు' అని ఉంది, కింద చాలా ఖాళీ ఉంది. అటు మా పిల్ల కాలి కింద రాయి మళ్లీ ఊగింది. కళ్లు గట్టిగా మూసుకున్నాను. మూసుకునే, 'ఏమీ లేవు' అని రాశాను. అక్షరాలు వంకర పోయాయి గాని అబద్ధం మాత్రం కాదు. నాకు నిజంగానే ఏమీ కనపడలేదు.

సంతకం పెట్టబోతే కాగితం అందలేదు. కళ్లు తెరిచేసరికి కెప్టెనమ్మ దాన్ని వీపు మీద వేసుకుని నడక మొదలుపెట్టింది, నీలవేణి వైపు. సంతకం లేని పత్రం చెల్లదు కదా. కలం పట్టుకుని దాని పక్కనే నడుస్తూ, నా పేరులో ఒక్కో అక్షరమూ పెట్టుకుంటూ, గట్టు చివరి దాకా వెళ్లాను.